రెండు గాలుల దూరం

వంతెన కింది సైకిలు షాపు
మంగళవారం

బావమరిదికి,

నీ ఉత్తరం అందింది. చదవడానికి రెండు రోజులు పట్టింది. మీ అక్క ఉన్నప్పుడు ఉత్తరాలు ఆవిడ చదివేది, నేను చక్రం బెండు తీసుకుంటూ వినేవాణ్ని. ఆవిడ పోయి నాలుగేళ్లు. అప్పట్నుంచీ అక్షరం కింద వేలు పెట్టుకుంటూ నేనే పోవాలి. నీ రాత ముత్యాల్లా ఉంటుంది గానీ వాక్యం మొదలుపెడితే ఎక్కడా ఆపవు. మూడు లైన్లు దాటేసరికి ఎవరు ఎవర్ని ఏం చేశారో మర్చిపోతున్నాను. నాలుగో తరగతి చదివినవాడికి రాస్తున్నానని గుర్తుపెట్టుకుని రాయి.

కాలువ గట్టుదారి మీద పుస్తకం వేస్తున్నావన్నమాట. సైకిలు మీద పనికి పోయేవాళ్లకూ, సెలవు రోజున దూరం తిరిగేవాళ్లకూ పనికొచ్చేలా. మంచిదే. ముప్పై అయిదేళ్లు కాలువ ఆఫీసులో కూర్చుని నక్షాలు గీశావు. గీసి గీసి కాలువ నీలంగా ఉంటుందని నువ్వు నమ్మేశావు. అది బురద రంగు. ముందు ఆ ముక్క రాయి.

ఇరవై ఎనిమిది మైళ్ల దారి. పై కొసన మీ లాకు, కింది కొసన నా షాపు. నాకంటే ఆ దారి తెలిసినవాడు లేడని రాశావు. అది నిజం. ఇంటి నుంచి షాపుకు తొమ్మిది మైళ్లు, మళ్లీ ఇంటికి తొమ్మిది మైళ్లు, యాభై రెండేళ్లుగా. ఒక్కరోజు బస్సు ముఖం చూడలేదు. మీ అక్కను క్యారేజీ మీద కూర్చోబెట్టుకుని మీ ఇంటిదాకా ఏడాదికి రెండుసార్లు. ఇవాళ కూడా తొక్కుకుంటూనే వచ్చాను. ఎవరైనా ఇంకోలా చెబితే నమ్మకు.

రాసుకో. షాపు నుంచి బయల్దేరాక మొదటి గాలి సగం ఉండగా నాకు చైను తెగిన చోటు వస్తుంది. అక్కడ గట్టు నీళ్లవైపు ఒరిగి ఉంటుంది, లోపలి పక్క పట్టుకుని పోవాలి. తర్వాత రెండు చువ్వలు విరిగిన చోటు. అక్కడ చెట్టు వేళ్లు. ఆపైన కాయితాల మిల్లు గోడ, గోడ దగ్గర కుక్క. ఆ కుక్క పోయింది, ఇప్పుడున్నది దాని మనవరాలు. కరవదు, కానీ ఊరికే దూరం తరుముతుంది. మొదటి గాలి అయ్యేచోట బట్టలుతికే బండలు. బెల్లు ఒక్కసారే కొట్టాలి. రెండోసారి కొడితే తిడతారు. రెండో గాలి అయ్యేసరికి మా ఇల్లు.

మిగతాది తర్వాత. పుస్తకంలో ఇదంతా వంతెన కింది మేస్త్రీ చెప్పాడని వెయ్యి. వెయ్యకపోతే ఊరుకోను.

ఇక ఆపుతున్నా. అయిదు నలభైకి బయల్దేరాలి. అది తప్పితే మళ్లీ ఆరున్నర దాకా లేదు.

ఇట్లు,
బావ


పై లాకు దగ్గరి ఇల్లు
ఆదివారం

పూజ్యులైన బావగారికి నమస్కారాలు.

చిన్న వాక్యాలే రాస్తాను. ఇది ఒకటి.

మీ వివరాలు అందాయి. వాటిని నక్షా మీదికి ఎక్కించడానికి కూర్చున్నాను. సాయంత్రానికి లేచాను. ఏమీ ఎక్కలేదు. మీరు రాసిన దాంట్లో మైళ్లు లేవు బావగారూ, ప్రమాదాలు ఉన్నాయి. చైను తెగిన చోటు మీకు తెలుసు. చదివేవాడికి అక్కడ చైను తెగదు కదా, వాడెలా గుర్తుపట్టాలి? "గాలి" అంటే ఎంత దూరం? మా ఆవిడ, మీ చెల్లెమ్మ, ఏమందంటే, "అన్నయ్యకు తగిలిన దెబ్బలన్నీ వరసగా రాస్తే అదే దారి, దానికి నక్షా ఎందుకు" అంది.

ఇంకో సందేహం. అయిదు నలభై తప్పితే ఆరున్నర దాకా లేదన్నారు. సైకిలుకు కూడా వేళలు పెట్టారా?

నేను ఇటువైపు పైసగం చూసుకుంటాను. ఆ దారి నాకు కొట్టినపిండి. సాంకేతిక విషయాల మీద కూడా ఒక అధ్యాయం రాశాను. చైను ముందు చక్రాన్ని ఎలా లాగుతుందో బొమ్మ గీసి మరీ వివరించాను.

అసలు సంగతి ఇది. పద్నాలుగో మైలు దగ్గర, సరిగ్గా సగంలో, గట్టుదారి ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు మారుతుంది. అక్కడ కర్రల కాలివంతెన ఉన్నట్టు మా ఆఫీసు నక్షాలో ఉంది. ఆ నక్షా గీసి నలభై ఏళ్లయింది. గీసినవాణ్ని నేనే. వంతెన లేకపోతే పుస్తకమే లేదు. అటునుంచి వచ్చినవాడు అటే, ఇటునుంచి వెళ్లినవాడు ఇటే. దగ్గరలో ఇంకో దాటే చోటు లేదు. మీ ఇంటికి అది అయిదు మైళ్లే కదా. ఒకసారి వెళ్లి కళ్లారా చూసి రాయండి. మీ మాట మీదే అచ్చుకు ఇస్తాను.

మీ విధేయుడు,
బావమరిది


వంతెన కింది సైకిలు షాపు
శుక్రవారం

ఒరే బావమరిదీ,

చైను వెనక చక్రాన్ని లాగుతుంది. ముందు చక్రాన్ని ఏదీ లాగదు. ఆ మాట షాపులో చెబితే, పంక్చరు వేయించుకోవడానికొచ్చిన పోస్టుమాను కూర్చున్న బల్ల మీంచి లేచి నీ ఉత్తరం చూపించమన్నాడు. చూపించలేదు. మీ అక్క పరువు ఉంది. ఆ బొమ్మ చించెయ్యి. అధ్యాయం కూడా చించెయ్యి.

గాలి అంటే చెబుతా. నా ముందు చక్రం ట్యూబుకు ఎక్కడో సన్నగా కారుతుంది. నిండా కొడితే నాలుగున్నర మైళ్లు వస్తుంది. అక్కడ దిగి మళ్లీ కొట్టాలి. కాబట్టి ఇంటి నుంచి షాపుకు రెండు గాలుల దూరం. మైలురాయి అయితే ఎవడో పాతింది, అటూ ఇటూ ఉంటుంది. గాలి అబద్ధం చెప్పదు. కొత్త ట్యూబు వేసుకోవచ్చుగా అంటావు. వేసుకుంటే దూరం ఎలా తెలుస్తుంది?

అయిదు నలభై సంగతి. ఆ టైముకి వెలుతురు మారుతుంది. నీకు తెలీదులే. తొక్కేవాళ్లకు తెలుస్తుంది.

కాలివంతెన ఉంది. తొమ్మిది రోజుల కిందట వెళ్లాను. దాని మీద నిలబడ్డాను. పదకొండు పలకలు. నాలుగోది వదులు, కాలు పెడితే టక్కుమంటుంది. మీ అక్క ఆ పలక మీద కావాలని రెండుసార్లు కాలేసేది. సైకిలు నడిపించుకుంటూ దాటాలి, ఎక్కి కాదు. ఇదంతా రాసుకో. నా మాట మీద ఇంకో మాట అడగొద్దు.

ఇట్లు,
బావ


పై లాకు దగ్గరి ఇల్లు
సోమవారం

బావగారికి,

రెండు నెలలు ఉత్తరం రాయలేదు, క్షమించండి. అచ్చు పనిలో మునిగిపోయాను. పుస్తకం వచ్చింది. మూడువందల ప్రతులు. ఒకటి దీంతో పంపుతున్నాను. మొదటి పేజీలోనే ఉంది చూడండి: "ఇందులోని వివరాలు వంతెన కింది మేస్త్రీగారు స్వయంగా తొక్కి చూసి చెప్పినవి." ఇరవై మూడో పేజీలో కాలివంతెన ఉంది. పదకొండు పలకలు, నాలుగోది వదులు.

ఇక ఈ ఉత్తరం మా ఆవిడకు కూడా చూపించకుండా రాస్తున్నాను.

ఇక్కడ గట్టుదారి సైకిలు సంఘం అని ఒకటుంది. నలభైమంది. పుస్తకం చదివి తెగ మెచ్చుకున్నారు. వచ్చే నెల చివరి ఆదివారం పై లాకు నుంచి మీ షాపుదాకా అందరూ బయల్దేరుతున్నారు. ముందు రచయిత తొక్కాలట. వెనక వాళ్లు. కార్యదర్శి మా ఇంటికొచ్చి, నా చేతులు పట్టుకుని చెప్పి వెళ్లాడు.

బావా, నాకు సైకిలు తొక్కడం రాదు.

ఎప్పుడూ రాలేదు. చిన్నప్పుడు ఒకసారి ఎక్కాను, కాలువలో పడ్డాను, మళ్లీ ఎక్కలేదు. అక్క నన్ను క్యారేజీ మీద కూర్చోబెట్టుకుని బడికి తీసుకెళ్లేది. ఎవరితోనూ చెప్పనని మాట ఇచ్చింది. మీతో కూడా చెప్పలేదని ఇప్పుడు అర్థమవుతోంది. పైసగం నాకు కొట్టినపిండి అన్నాను కదా, అది నక్షాలో. ఒళ్లు బరువెక్కాక నడక కూడా లాకు దాటి మైలు మించలేదు.

అరవై ఎనిమిదేళ్ల వయసులో ఇది ఒప్పుకోవడం నాకేమీ సంతోషంగా లేదు. సంఘంవాళ్లకు తెలిస్తే ఆ మూడువందల పుస్తకాలూ నా మొహాన కొడతారు. కొట్టడం సరే, ఈ వయసులో నేను చేసిన ఒకే ఒక్క పని అది. అయిదు వారాలుంది. ఉత్తరాల మీద నేర్పిస్తారా?

మీ
బావమరిది


వంతెన కింది సైకిలు షాపు
గురువారం

బావమరిదికి,

నవ్వాను. దాచను. షాపు మూసి నవ్వాను, మళ్లీ తెరిచాను. తర్వాత మీ అక్క మీద కోపం వచ్చింది. నలభై ఆరేళ్లు కాపురం చేసి ఈ ముక్క కడుపులో దాచుకుంది. ఇంకేం దాచిందో.

పుస్తకం బాగుంది. అట్ట మీది సైకిలుకు స్టాండు గీయలేదు. అది ఎలా నిలబడింది?

సరే. నేర్పుతా. చెప్పింది చెప్పినట్టు చెయ్యి.

సైకిలు తెచ్చుకో. గేర్లున్నది వద్దు. సీటు దించు, రెండు పాదాలూ నేలకు ఆనాలి. పెడళ్లు రెండూ విప్పెయ్యి. కుడిది మామూలుగా వస్తుంది. ఎడమదానికి మర తిరగబడి ఉంటుంది, మామూలుగా తిప్పితే ఇంకా బిగుస్తుంది. నువ్వు తప్పకుండా మామూలుగానే తిప్పుతావు, అందుకే రాస్తున్నా.

పెడళ్లు లేకుండా సీటు మీద కూర్చుని కాళ్లతో నేలను తోసుకుంటూ పో. బాతులా ఉంటావు. ఉండు. వారం రోజులు బాతువే. రెండు కాళ్లూ ఎత్తి పది అంకెలు లెక్కపెట్టేదాకా పడకుండా పోగలిగితే అప్పుడు పెడళ్లు బిగించు. సీటు మాత్రం రెండు వేళ్లు పైకి లేపు.

చూపు ముందు చక్రం మీద పెట్టకు. పది బారల అవతల పెట్టు. నువ్వు ఎటు చూస్తే సైకిలు అటే పోతుంది. కాలువను చూస్తే కాలువలోకే. చిన్నప్పుడు నువ్వు పడింది అందుకే. నీ తప్పు కాదు, ఎవరూ చెప్పలేదు. వెనక మా చెల్లెమ్మను పట్టుకోమను. క్యారేజీ పట్టుకోవాలి, సీటు కాదు. ఆవిడ వదిలేసినప్పుడు నీకు చెప్పకూడదు. ఆ సంగతి ఆవిడకు విడిగా చెప్పు. కాదు, నువ్వు చెప్తే ఎలా. నేనే రాస్తా.

హ్యాండిలు గట్టిగా పిసకొద్దు. పిచ్చుకను పట్టుకున్నట్టు పట్టుకో.

ఎక్కడం దిగడం తర్వాత రాస్తా. ముందు నిలబడు.

ఆ ఆదివారం నేను కూడా వస్తా. ఇటు నుంచి తొక్కుకుంటూ కాలివంతెన దగ్గరకొస్తా. అక్కడ కలుద్దాం. మీ సంఘంవాళ్లకు తొక్కడం అంటే ఏంటో కాస్త చూపిద్దాం.

ఇట్లు,
బావ


పై లాకు దగ్గరి ఇల్లు
బుధవారం

బావా,

ఎడమ పెడలు మామూలుగానే తిప్పాను. బిగుసుకుపోయింది. చివరికి లాకు గేటు తిప్పే మనిషి వచ్చి విప్పాడు.

పది రోజులు బాతునయ్యాను. వీధిలో వాళ్లు మొదట్లో చూసేవాళ్లు, తర్వాత చూడటం మానేశారు, అది ఇంకా బాధగా ఉంది. పదిహేనోరోజు రోడ్డు చివరిదాకా తొక్కాను. "పట్టుకున్నావా" అని అడిగితే మా ఆవిడ "పట్టుకున్నా" అంది. గొంతు ఎక్కడో చాలా వెనక నుంచి వినిపించింది. తిరిగి చూశాను. పడ్డాను. కానీ బావా, దానికి ముందు కాసేపు తొక్కాను. ఇన్నేళ్లూ ఆ గాలి మొహానికి తగలకుండా నక్షాలు గీశానా అనిపించింది.

ఇప్పుడు సూటిగా పోగలను. ఎక్కడం మాత్రం రావడం లేదు. మా అరుగు పక్కన నిలబెట్టుకుని, అరుగు మీంచి సీటు మీదికి జరుగుతున్నాను. గట్టు మీద అరుగులుండవు. ఎక్కడం తర్వాత రాస్తానన్నారు. మూడు వారాలైంది, రాయలేదు.

ఇంకో మాట. సంఘంలో ఒక పెద్దమనిషి, పళ్ల డాక్టరు, నిన్న వచ్చాడు. తన చుట్టం ఒకడు చెప్పాడట, పద్నాలుగో మైలు దగ్గర వంతెన లేదని. నేను మండిపడ్డాను. మా బావ దాని మీద నిలబడి రాశాడు, మీ చుట్టం ఎక్కడ నిలబడ్డాడో కనుక్కోండి అన్నాను. వంతెన లేకపోతే నా చేత్తో మూడువందల పుస్తకాలూ వెనక్కి తీసుకుంటానని కార్యదర్శి ముందు మాట ఇచ్చాను.

మీ మీద అనుమానం ఉండి కాదు. ఆదివారం లోపల ఒక్క ముక్క రాయండి. ఉందా, లేదా?

మీ
బావమరిది


పోస్టుకార్డు
వంతెన కింది సైకిలు షాపు, శుక్రవారం

బావమరిదికి,

ఉంది. లేకపోతే నేనే ఉంటాను. బయల్దేరు.

బావ


పై లాకు దగ్గరి ఇల్లు
మంగళవారం

బావా,

ఒళ్లంతా హూనమై రెండు రోజులు మంచం దిగలేదు. ఇవాళ లేచి కూర్చుని రాస్తున్నాను. నా వైపు నుంచి జరిగింది మీకు తెలియాలి.

ఆదివారం పొద్దున్నే నలభైమందీ లాకు దగ్గరకు వచ్చారు. నేను అరుగు మీంచే ఎక్కాను. మా ఆవిడ ఎవరికీ కనపడకుండా ఒక తోపు తోసింది. రెండున్నర మైళ్లు తొక్కాను బావా. చూపు పది బారల అవతలే పెట్టాను. ఇంతలో గట్టు మీద ఒక మేక అడ్డం నిలబడింది. దాన్ని చూడకూడదని తెలుసు. చూశాను. మేక తప్పుకుంది, నేను దిగాను. దిగాక ఎక్కడానికి అరుగు లేదు, గోడ లేదు, రాయి లేదు.

ఏం చెయ్యను? సైకిలు నడిపించుకుంటూ నడవడం మొదలుపెట్టాను. వెనక నలభైమందీ దిగారు. ఒక మైలు పోయాక కార్యదర్శి పక్కకొచ్చి, "తొక్కుకుంటూ పోతే ఏదీ కనపడదు, నడిస్తేనే దారి తెలుస్తుందనా సార్ మీ ఉద్దేశం?" అన్నాడు. నాకు తొక్కడం సరిగ్గా రాదండీ అన్నాను. నిజం అంటే నిజం చెప్పాను. వాడు అందరివైపూ తిరిగి, "పెద్దవాళ్లు ఎంత వినయంగా ఉంటారో చూడండి" అన్నాడు. పదకొండున్నర మైళ్లు నలభై ఒక్క సైకిళ్లు నడిపించుకుంటూ పోయాం. అంత నిశ్శబ్దంగా సైకిలు సంఘం ఎప్పుడూ పోయి ఉండదు.

పద్నాలుగో మైలు దగ్గర నీళ్లల్లో నాలుగు గుంజలు. గుంజకు కొట్టిన బోర్డు: "పూడిక తీసే పడవ కోసం తొలగించబడినది. త్వరలో తిరిగి వేయబడును." బోర్డు మీద తుప్పు చూస్తే రెండేళ్ల పైమాటే.

అవతలి ఒడ్డున మీరు.

మీరు ఒక గుంజకు ఆనుకుని కూర్చున్నారు. మమ్మల్ని చూసి లేచారు. సైకిలు దగ్గరకు తీసుకున్నారు. ఎక్కబోయారు. కుడికాలు జానెడు లేచి ఆగిపోయింది. మళ్లీ ప్రయత్నించారు. తర్వాత ఏదో చైను చూసుకుంటున్నట్టు వంగారు. మీ చైనుకు ఏమీ కాలేదని నాకు అక్కడి నుంచే తెలిసింది. ఇప్పుడు నాకు ఆపాటి తెలుసు.

"వంతెనేదీ బావా?" అని అరిచాను.

"రాశానుగా, నేనుంటానని" అన్నారు.

"మీ మీదనుంచి నలభైమంది దాటాలా?"

"నువ్వు నడుచుకుంటూ వచ్చావేంరా?"

"మీరెలా వచ్చారు?"

మీరు నీళ్లవైపు చూశారు. మా కార్యదర్శి మాత్రం ఇరవై మూడో పేజీ తెరిచి పట్టుకుని, పలకలు పదకొండని రాసి ఉందే, అని నన్ను అడిగాడు.

తప్పు నాదే అన్నాను. చూడకుండా రాశానన్నాను. మీ పేరు ఎత్తలేదు, కానీ మొదటి పేజీలో ఉందిగా, వాళ్లకు కళ్లున్నాయి. ఇచ్చిన మాట ప్రకారం పుస్తకాలు వెనక్కి తీసుకుంటానన్నాను. సంఘంవాళ్లు కూడబలుక్కున్నారు. వచ్చే నెలాఖరు లోపల ఆ దారిని కళ్లారా చూసినవాడు తప్పులు దిద్ది ఇస్తే ప్రతి పుస్తకంలో ఒక కాగితం అంటించుకుంటారట. లేకపోతే వెనక్కే.

కళ్లారా చూసినవాణ్ని నేనెక్కణ్నుంచి తేను?

నాకు కోపం లేదని రాస్తే అబద్ధం అవుతుంది. చాలా ఉంది. కానీ ఆ జానెడు లేచి ఆగిన కాలు కళ్లముందు నుంచి పోవడం లేదు.

మీ
బావమరిది


వంతెన కింది సైకిలు షాపు
శనివారం

బావమరిదికి,

నీ కోపం న్యాయమైనదే. ఈ ఉత్తరం నాలుగు రోజులుగా రాస్తున్నా. అడ్డం రాకు.

పదకొండు నెలల కిందట మా ఇంటి ముందే పడ్డాను. దారిలో కాదు. దారి నన్నెప్పుడూ పడెయ్యలేదు. గుమ్మం దగ్గర, సైకిలు ఎక్కబోతూ. తుంటి దగ్గర ఏదో కదిలింది. డాక్టరు నడువు, తొక్కకు అన్నాడు. కుడికాలు సీటు ఎత్తుకు లేవదు. అప్పట్నుంచీ బస్సులోనే వస్తున్నా. వెళ్లేది అయిదు నలభై బస్సు. షాపుకు వచ్చేవాళ్లకు తెలియకుండా ముందు స్టాపులో దిగి, అక్కడ పాన్‌షాపులో పెట్టిన సైకిలు తీసుకుని నడిపించుకుంటూ వస్తా. గాలి తక్కువగా ఉంది, అందుకే నడిపిస్తున్నా అని చెబుతా. సైకిళ్లు బాగుచేసేవాడు పదకొండు నెలలు గాలి తక్కువని చెబితే అందరూ నమ్ముతున్నారు. జనం అంటే నాకు గౌరవం పోయింది.

ఎక్కడం ఎందుకు రాయలేదో ఇప్పుడు తెలిసిందా? ఎడమకాలు పెడలు మీద పెట్టి, కుడికాలితో నేలను మూడుసార్లు తన్ని, ఆ ఊపులో కాలు వెనకనుంచి తిప్పాలి. ఇంతే. ఇది రాయాలంటే లేచి, చేసి చూసుకుని రాయాలి. చేతులకు తెలిసింది నాకు నోటికి రాదు. లేచాను. కాలు లేవలేదు. మళ్లీ కూర్చున్నాను. నీకు రాయకపోవడం వల్ల నువ్వు పదకొండున్నర మైళ్లు నడిచావు. ఆ తప్పు నాది.

వంతెన. నేను చూడలేదు. మీ అక్క పోయాక అటు వెళ్లలేదు. పోయి చూడలేదు కాబట్టి నాకు అది ఉంది. నువ్వు ఉందా అని అడిగితే లేదని ఎలా రాస్తా? నాలుగో పలక చప్పుడు నా చెవిలో ఉంటే. పోస్టుకార్డు వేశాక మాత్రం భయం వేసింది. ఆదివారం తెల్లారగానే ఇంట్లో పడున్న పాత సైకిలు పట్టుకుని అయిదు మైళ్లు నడిచాను. డాక్టరు నడవమన్నాడుగా. గుంజలు చూశాక కూర్చున్నాను. చాలాసేపు కూర్చున్నాను. దూరం నుంచి మీరంతా కనిపించారు, నడుచుకుంటూ. ముందు నువ్వు. మొదట నాకేమనిపించిందో తెలుసా? వీళ్లకు ముందే తెలిసిపోయింది, నన్ను వెక్కిరించడానికి నడుస్తున్నారు అనుకున్నా. తర్వాత నువ్వు హ్యాండిలు పిచ్చుకను పట్టుకున్నట్టు పట్టుకున్నావు, అది చూశాను.

కళ్లారా చూసినవాడు కావాలన్నావు. నేను చూశాను. వెళ్తూ చూశాను, వస్తూ చూశాను. సోమవారం షాపు తియ్యకుండా కింది తొమ్మిది మైళ్లు కూడా నడిచాను. మధ్యలో బట్టలుతికే బండల దగ్గర తుంటికి విశ్రాంతి ఇచ్చాను, ఆడవాళ్లు మంచినీళ్లిచ్చారు. పైసగం నువ్వు నడిచావు. నీ తప్పులు నువ్వు దిద్దుకో. నా తప్పులు ఇవి. అంటించుకొమ్మను.

కాయితాల మిల్లు దగ్గర కుక్క లేదు. మిల్లే మూశారు. చెట్టు వేళ్లు ఉన్నాయి, చెట్టు లేదు. బట్టలుతికే బండల దగ్గర బెల్లు ఎన్నిసార్లు కొట్టినా ఏమీ అనరు, ఇప్పుడున్నవాళ్లు మంచివాళ్లు. మా ఇల్లు దాటాక రెండు మైళ్లు గట్టు కోసుకుపోయింది, దిగి నడవాలి. పద్నాలుగో మైలు: వంతెన లేదు. నాలుగు గుంజలున్నాయి, ఆనుకోవచ్చు. దాటలేరు. అవతలి ఒడ్డువాళ్లతో మాట్లాడొచ్చు, మామూలు గొంతుతోనే వినపడుతుంది, అరవక్కర్లేదు. మనిద్దరం ఊరికే అరిచాం.

మొదటి పేజీలో "స్వయంగా తొక్కి" అన్నది కొట్టేసి "స్వయంగా నడిచి" అని వెయ్యి. మేస్త్రీ అన్నది ఉంచు.

నీ కాళ్లు కుదుటపడ్డాక ఒకసారి రా. ఎక్కడం నేర్పుతా. నువ్వు ఎక్కు, నేను పక్కన నిలబడి తిడతా. దానికి కాలు లేవక్కర్లేదు. సైకిలు మీద రావద్దు, బస్సులో రా. పై లాకు నుంచి మిల్లు స్టాపు దాకా ఒక బస్సు, అక్కడ దిగి మా ఇంటివైపు పోయే అయిదు నలభైది ఎదురుగా వచ్చేదాకా ఆగు. అందులో నేనుంటా. ఆ బస్సు దారి కూడా నాకంటే తెలిసినవాడు లేడు. రాసుకో. ఎడమవైపు మూడో సీటు. దాని ముందుది చక్రం మీద ఉంటుంది, ఎగరేస్తుంది. కిటికీ అద్దం కిందికి రాదు, లాగకు, నేను చూశాను. మిల్లు మలుపులో డ్రైవరు చూడకుండా తిప్పుతాడు, కడ్డీ పట్టుకోవాలి. రెండో స్టాపు దాటాక నా పక్కన సీటు ఖాళీ అవుతుంది.

ఇట్లు,
బావ